నావిగేషన్ పేపర్ రెండుసార్లు పోయింది, ఇక క్వశ్చన్ బ్యాంకే తిప్పనా?

ప్రశ్న: అన్నా, మాది కాకినాడ. బీటెక్ అయింది. డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) పెట్టే సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్ పేపర్లలో మెటియరాలజీ, రెగ్యులేషన్స్ గట్టెక్కాను. నావిగేషన్ రెండుసార్లు పోయింది, మొదట 61, తర్వాత 64. టెక్నికల్ జనరల్ ఇంకా రాయలేదు. గ్రూపులో వేల ప్రశ్నలున్న పీడీఎఫ్ ఒకటి దొరికింది, దాన్నే నాలుగైదు సార్లు తిప్పితే చాలంటున్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం కాబట్టి స్క్రీన్ మీద ఇంగ్లిష్ చదవడం లేటవుతోంది. ఈ రెండు పేపర్లు ఉంచుకుని ఫ్లయింగ్‌కి అమెరికా వెళ్లిపోవచ్చా?

జవాబు:

తమ్ముడూ, 70 రావాల్సిన చోట 64 వచ్చిందంటే నీకు సబ్జెక్టు రాదని కాదు. రానివాళ్లకి నలభైలూ యాభైలూ వస్తాయి. 60 దాటి ఆగిపోయేవాళ్లు వేరే రకం. వాళ్లకి ఫార్ములాలన్నీ వచ్చు, పుస్తకం రెండుసార్లు పూర్తయి ఉంటుంది, క్లాసులో అడిగితే ఠక్కున చెబుతారు. మార్కులు పోయేది మాత్రం ప్లస్ బదులు మైనస్ పెట్టిన చోట, ట్రూ (అసలు ఉత్తరం నుంచి కొలిచే దిశ) అడిగితే మాగ్నెటిక్ (దిక్సూచి ఉత్తరం నుంచి కొలిచేది) ఇచ్చిన చోట, చివరి పది ప్రశ్నలకి టైమ్ చాలక కళ్లు మూసుకుని నొక్కేసిన చోట. నేను ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో పిల్లలకి నావిగేషన్ చెబుతుంటాను. నీలాంటి మార్కులతో వచ్చేవాళ్లలో ఎక్కువ మందిది ఇదే కథ. అందుకే నీకు ఇంకో పుస్తకం చెప్పను. ఆప్షన్లు చూడకముందే జవాబు నీ చేతిలో ఉండాలి. నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే, కింద రాసేదంతా దాన్ని ఎలా సాధించాలో చెప్పడానికే.

ముందు ఆ పీడీఎఫ్ సంగతి చూద్దాం. అది పనికిరాదని నేననను. ప్రశ్న ఏ రూపంలో వస్తుందో, ఏ చాప్టర్ మీద ఎక్కువ అడుగుతారో దాంట్లో తెలుస్తుంది. కానీ దాన్ని తయారుచేసిందెవరు? పరీక్ష రాసి బయటికొచ్చిన కుర్రాళ్లు గుర్తున్నంత మేరకు టైప్ చేశారు, తర్వాత ఎవరో కీ పెట్టారు. ప్రశ్నలో సగం డేటా ఉండదు. 'గాలి 270/30' (270 డిగ్రీల నుంచి 30 నాట్లు) అని ఉంటుంది, అది ట్రూనా మాగ్నెటికా అన్నది ఎగిరిపోయి ఉంటుంది. కీలో తప్పులు అంతకంటే ఎక్కువ. అలాంటిదాన్ని నాలుగుసార్లు తిప్పితే బుర్రలో మిగిలేది లెక్క కాదు, 'ఆ ప్రశ్నకి ఆప్షన్ సి' అన్న ముక్క. పరీక్షలో దూరం 600 బదులు 540 ఉంటుంది, ఆప్షన్లు జరిగి ఉంటాయి. తెలిసిన ప్రశ్నే కదా అన్న ధీమాతో సి నొక్కుతావు. పైగా ఆ ప్రశ్న మీద నీకు అనుమానమే రాదు కాబట్టి వెనక్కి వచ్చి చూసుకోవు కూడా.

తప్పు ఆప్షన్లు ఎలా పుడతాయో ఒకసారి గమనించు. పేపర్ సెట్ చేసేవాడు మూడు తప్పు జవాబుల్ని గాల్లోంచి తీసుకోడు. విద్యార్థి ఏయే పొరపాట్లు చేస్తాడో ఊహించి, ఆ పొరపాటు చేస్తే ఏ సంఖ్య వస్తుందో దాన్నే ఆప్షన్‌గా పెడతాడు. అందుకే తప్పు చేసినా నీ జవాబు స్క్రీన్ మీద కనిపిస్తుంది. కనిపించింది కాబట్టి కరెక్టే అనుకుంటావు. 64 దగ్గర ఆగిపోయేది ఇక్కడే.

క్రిటికల్ పాయింట్, అంటే ముందుకి పోయినా వెనక్కి వచ్చినా ఒకే టైమ్ పట్టే చోటు, దాని లెక్క తీసుకుందాం. రెండు ఊళ్ల మధ్య దూరం 600 నాటికల్ మైళ్లు, టీఏఎస్ (గాలిలో విమానం అసలు వేగం) 120 నాట్లు, వెళ్లేటప్పుడు 20 నాట్ల ఎదురుగాలి. వెళ్లే గ్రౌండ్‌స్పీడ్ (నేల మీద లెక్కేసే వేగం) 100, తిరిగొచ్చేది 140. ఫార్ములా నీకు తెలుసు: దూరాన్ని తిరిగొచ్చే స్పీడుతో గుణించి, రెండు స్పీడుల మొత్తంతో భాగించాలి. 600 ఇంటూ 140 బై 240, అంటే 350. ఆప్షన్లలో 250, 300, 350, 400 ఉంటాయనుకో. ఆ 250 ఎక్కడిది? పైన 140 బదులు 100 పెట్టినవాడిది. 300 గాలిని మర్చిపోయి సగానికి కోసేసినవాడిది.

ఫార్ములా పట్టుకోకముందే ఒక్క క్షణం బొమ్మ గీసుకుని ఉంటే సంగతి వేరేలా ఉండేది. ఎదురుగాలిలో వెళ్తున్నాం. అంటే ముందుకు పోవడం కష్టం, వెనక్కి రావడం సులువు. ముందుకీ వెనక్కీ సమానమైన టైమ్ పట్టే చోటు కావాలంటే, కష్టమైన వైపు దూరం తక్కువ మిగలాలి. కాబట్టి ఆ చోటు సగం దాటాకే ఉంటుంది. ఈ ఒక్క ఆలోచనతో 250, 300 రెండూ ఎగిరిపోయాయి. ఇక లెక్క చేసి 350 అన్నాక, దాన్ని మళ్లీ కథలో పెట్టి చూడు. 350 దగ్గర్నుంచి వెనక్కి 140తో వస్తే రెండున్నర గంటలు. ముందుకి మిగిలిన 250 మైళ్లు 100తో పోతే రెండున్నర గంటలు. సమానం. అంతే, ఇక ఆ ప్రశ్న వైపు మళ్లీ చూడక్కర్లేదు.

పాయింట్ ఆఫ్ నో రిటర్న్‌కి, అంటే ఉన్న ఇంధనంతో బయల్దేరిన ఊరికి తిరిగి రాగలిగే ఆఖరి చోటుకి కూడా ఇదే పద్ధతి. పై స్పీడులే ఉంచి, రిజర్వు తీసేశాక 4.8 గంటల ఇంధనం ఉందనుకో. 4.8 ఇంటూ 140 బై 240, అంటే 2.8 గంటలు, 280 మైళ్లు. తిరిగొచ్చే 280 మైళ్లు 140తో రెండు గంటలు. 2.8, 2 కలిపితే 4.8. సరిపోయింది. ఇలా సరిచూడటానికి పది సెకన్లు కూడా పట్టదు. ఇంకో విషయం, క్రిటికల్ పాయింట్‌కి ఇంధనంతో పని లేదు, నో రిటర్న్‌కి గమ్యం దాకా దూరంతో పని లేదు. అవసరం లేని డేటా కావాలనే ఇస్తారు. దాన్ని ఎక్కడ వాడాలా అని వెతుక్కుంటూ రెండు నిమిషాలు తగలెయ్యకు.

గాలి లెక్కలకి వద్దాం. ట్రాక్ (నేల మీద పోవాల్సిన దారి) 090, టీఏఎస్ 120, గాలి 360 నుంచి 30 నాట్లు. ఫ్లైట్ కంప్యూటర్ తిప్పకముందే నోటితో చెప్పగలగాలి: గాలి ఎడమ నుంచి వస్తోంది, కాబట్టి ముక్కు ఎడమకి తిప్పాలి, హెడింగ్ (ముక్కు చూసే దిశ) 090 కంటే తక్కువ. ఎంత తక్కువ? వన్ ఇన్ సిక్స్టీతో (60 మైళ్లకి ఒక మైలు పక్కకి జరిగితే ఒక డిగ్రీ అన్న రూల్) 30 బై 120 ఇంటూ 60, సుమారు 15 డిగ్రీలు. కచ్చితంగా చేస్తే 14.5 వస్తుంది, హెడింగ్ 075 లేదా 076. గాలి సరిగ్గా పక్క నుంచి వచ్చినా, ముక్కు తిప్పినందుకు వేగంలో కొంత పోతుంది కాబట్టి గ్రౌండ్‌స్పీడ్ 120 కంటే కొంచెం తక్కువే, 116. ఆప్షన్లలో హెడింగ్‌కి 104, గ్రౌండ్‌స్పీడ్‌కి 124 కనిపిస్తే అవి ఎవరి కోసం పెట్టారో ఇప్పుడు నీకే తెలుస్తుంది. 104 గాలిని అటువైపుకి తిప్పినవాడికి, 124 వర్గాలు తీసెయ్యాల్సిన చోట కలిపినవాడికి.

వన్ ఇన్ సిక్స్టీని మాత్రం ఊపిరి పీల్చినంత సులువుగా వాడటం నేర్చుకో. 40 మైళ్లు వెళ్లేసరికి ట్రాక్‌కి 4 మైళ్లు పక్కకి జరిగామంటే 6 డిగ్రీల ఎర్రర్. ఇంకా 80 మైళ్లు ఉంటే క్లోజింగ్ యాంగిల్ (గమ్యం వైపు అదనంగా తిప్పాల్సిన కోణం) 3 డిగ్రీలు. నేరుగా గమ్యానికి పోవాలంటే 9 డిగ్రీలు తిప్పాలి. ఆప్షన్లలో 6 ఖాయంగా ఉంటుంది. 6 తిప్పితే అసలు ట్రాక్‌కి సమాంతరంగా పోతాం తప్ప గమ్యానికి చేరం.

టైమ్ లెక్కల్లో కాకినాడ వాడివైనందుకు నీకో వెసులుబాటు ఉంది. మన ఐఎస్‌టీకి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖ కాకినాడ పక్క నుంచే పోతుంది. కాకినాడ లోకల్ మీన్ టైమూ (సూర్యుణ్ని బట్టి సగటున లెక్కేసే ఆ ఊరి టైమ్) గడియారం టైమూ దాదాపు ఒకటే. అక్కణ్నుంచి ఎటు కదిలినా డిగ్రీకి నాలుగు నిమిషాలు. హైదరాబాద్ సుమారు 78 డిగ్రీల 30 నిమిషాలు, నాలుగు డిగ్రీలు పడమర, కాబట్టి అక్కడి లోకల్ మీన్ టైమ్ గడియారం కంటే 16 నిమిషాలు వెనక. దిబ్రూగఢ్ 95 డిగ్రీలు, పన్నెండున్నర డిగ్రీలు తూర్పు, 50 నిమిషాలు ముందు. అల్మనాక్‌లో (సూర్యోదయ, సూర్యాస్తమయాల పట్టికలో) దిబ్రూగఢ్ అక్షాంశానికి సూర్యాస్తమయం 17:10 లోకల్ మీన్ టైమ్ అని ఇచ్చి ఐఎస్‌టీ అడిగితే 50 నిమిషాలు తీసెయ్యాలి, 16:20. కలపాలా తీయాలా అన్న టెన్షన్ వస్తే, శీతాకాలంలో అస్సాంలో నాలుగున్నర లోపే పొద్దు గుంకుతుందన్న సంగతి గుర్తు చేసుకో. 18:00 అన్న ఆప్షన్ ఉన్నా దాని వైపు చెయ్యి పోదు.

కన్వర్జెన్సీ (రేఖాంశాలు ధ్రువం వైపు దగ్గరవడం), గ్రేట్ సర్కిల్ (రెండు చోట్ల మధ్య అతి దగ్గర దారి), రంబ్ లైన్ (దిశ మారకుండా పోయే దారి) చాప్టర్‌లో ఫార్ములా కంటే బొమ్మకే విలువ. ఉత్తరార్ధ గోళంలో గ్రేట్ సర్కిల్ ఎప్పుడూ ధ్రువం వైపుకి వంగి ఉంటుంది, రంబ్ లైన్ భూమధ్యరేఖ వైపు ఉంటుంది. రఫ్ షీట్ మీద రెండు నిలువు గీతలు పైన దగ్గరయ్యేలా గీసి, మధ్యలో విల్లులా ఒక గీత, కింద ఇంకో గీత గీస్తే కన్వర్షన్ యాంగిల్ (ఆ రెండు దారుల మధ్య కోణం) కలపాలో తీయాలో కళ్లకే కనిపిస్తుంది. ఈ బొమ్మ గియ్యకుండా రూల్స్ బట్టీ పట్టినవాళ్లు ప్రశ్న దక్షిణార్ధ గోళానికి మారగానే తికమక పడతారు.

ఫ్లైట్ కంప్యూటర్ చక్రమా, కాలిక్యులేటరా అని ఎప్పుడూ ఒక వాదన నడుస్తుంటుంది. నా మాట ఇది: టీఏఎస్, ఇంధనం, గాలి త్రిభుజాలకి చక్రం వేగంగా ఉంటుంది, కానీ ఆప్షన్ల మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలే ఉన్నప్పుడు సైన్, కొసైన్‌లకి పోవాల్సిందే. రెండూ చేతికి రావాలి. హాల్లోకి ఏ వస్తువులు తీసుకెళ్లొచ్చో ఆ సెషన్ నోటిఫికేషన్‌లో చూసుకుని, అదే కాలిక్యులేటర్ మీద ముందు నుంచీ ప్రాక్టీస్ చెయ్యి. పరీక్ష ముందు రోజు కొత్త కాలిక్యులేటర్ కొని, అది రేడియన్లలో ఉందని హాల్లో తెలుసుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక తెలుగు మీడియం సంగతి. ఇది నువ్వనుకున్నంత అడ్డంకి కాదు, కాకపోతే దాన్ని ఒక పనిగా పెట్టుకోవాలి. ఈ పేపర్లలో వాడే ఇంగ్లిష్ చాలా చిన్నది. 'ఎక్సెప్ట్', 'లీస్ట్', 'నాట్', 'రిమెయిన్స్ కాన్‌స్టంట్', 'విత్ రెస్పెక్ట్ టు' లాంటి ఓ యాభై అరవై మాటలు పదేపదే వస్తాయి. అవి ఒక కాగితం మీద రాసుకో. ప్రశ్నలో చివరి వాక్యం ముందు చదువు, ఏమడిగాడో తెలిశాక పైకి వెళ్లి డేటా తీసుకో. డేటాను రఫ్ షీట్ మీదకి దించేటప్పుడే ప్రతి సంఖ్య పక్కన ట్రూ అయితే టీ, మాగ్నెటిక్ అయితే ఎం, 'ఫ్రమ్', 'టు' గుర్తులు వేసుకో. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు ఒక్కోసారి నీకంటే ఎక్కువ తప్పులు చేస్తారు, ఎందుకంటే వాళ్లు వేగంగా చదివేసి 'నాట్' అన్నదాన్ని దాటేస్తారు.

అర్థం చేసుకోవడం మాత్రం హాయిగా తెలుగులోనే చేసుకో, సిగ్గేం లేదు. నువ్వు రాయబోయే టెక్నికల్ జనరల్‌లో పిటో (ఎదురొచ్చే గాలి ఒత్తిడి పట్టే గొట్టం), స్టాటిక్ (చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ప్రశ్నలు తప్పకుండా ఉంటాయి. 'పిటో మూసుకుపోయి విమానం పైకెక్కుతుంటే ఎయిర్‌స్పీడ్ ఏం చూపిస్తుంది?' దీన్ని టేబుల్‌గా బట్టీ పడితే మూడో రోజుకి తారుమారవుతుంది. ఇలా అనుకో: పిటో గొట్టం ముందు నోరూ, కింద డ్రెయిన్ రంధ్రమూ రెండూ మూసుకున్నాయి, లోపల పాత గాలి చిక్కుకుపోయింది, దాని ఒత్తిడి మారదు. పైకి పోతున్నకొద్దీ స్టాటిక్ తగ్గుతోంది. పరికరం చూపించేది ఈ రెండింటి తేడానే. తేడా పెరుగుతోంది కాబట్టి స్పీడ్ పెరుగుతున్నట్టు అబద్ధం చెబుతుంది. దిగుతుంటే తగ్గుతున్నట్టు చెబుతుంది. స్టాటిక్ మూసుకుంటే దీనికి తలకిందులు. ఎక్కుతుంటే తక్కువ చూపిస్తుంది, ఆల్టీమీటర్ ఉన్నచోటే ఆగిపోతుంది, వర్టికల్ స్పీడ్ సున్నా. ముందు నోరు మాత్రమే మూసుకుని డ్రెయిన్ తెరిచి ఉంటే చిక్కుకున్న ఒత్తిడి బయటికి పోతుంది, స్పీడ్ సున్నాకి పడిపోతుంది. ఆ డ్రెయిన్ సంగతి చెప్పారా లేదా అన్నదే ఒక్కోసారి ప్రశ్నకి కీలకం. ఇది మీ ఇంట్లో ఇంజినీరింగ్ తెలియని మనిషికి తెలుగులో చెప్పి ఒప్పించగలిగితే, ఇక ఇంగ్లిష్‌లో ఎలా తిప్పి అడిగినా నువ్వు దొరకవు.

మిగతా టెక్నికల్ కూడా అంతే, సంఖ్య వెనక కారణం పట్టుకో. 60 డిగ్రీల బ్యాంక్‌లో (విమానం పక్కకి వంగినప్పుడు) లోడ్ ఫ్యాక్టర్ (రెక్కలు మోసే బరువు అసలు బరువుకి ఎన్ని రెట్లో) 2, స్టాల్ స్పీడ్ (అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) దాని వర్గమూలం మేరకు, అంటే 41 శాతం పెరుగుతుంది. 50 నాట్లకి స్టాల్ అయ్యేది 71కే అవుతుంది. డెన్సిటీ ఆల్టిట్యూడ్‌కి (గాలి పలచదనాన్ని బట్టి విమానానికి తెలిసే ఎత్తు) శంషాబాద్‌ని ఉదాహరణగా పెట్టుకో. ఎత్తు సుమారు 2,000 అడుగులు, అక్కడ స్టాండర్డ్ ఉష్ణోగ్రత 11 డిగ్రీలు ఉండాలి. మే నెల మధ్యాహ్నం 40 ఉంటే 29 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల లెక్కన దాదాపు 3,500 కలిపితే, విమానం 5,500 అడుగుల ఎత్తున్న ఊళ్లో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. రన్‌వే ఎందుకు ఎక్కువ కావాలో, ఎక్కడం ఎందుకు మందగిస్తుందో విడిగా చదవక్కర్లేదు.

కార్బ్యురేటర్ ఐసింగ్ (ఇంజిన్‌లో గాలీ ఇంధనమూ కలిసే భాగంలో మంచు పట్టడం) గురించి ఒక మాట. ఇది బయట 25 డిగ్రీల ఎండలో కూడా రావచ్చని పేపర్లో అడుగుతారు, గాలిలో తేమ ఉంటే చాలు. కానీ రేపు నువ్వు ఎగరబోయేది సెస్నా 172ఎస్ అయితే దాంట్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, కార్బ్యురేటరే ఉండదు. టెక్నికల్ స్పెసిఫిక్ పేపర్ (నువ్వు ఎగిరే విమానం మోడల్ మీద ఉండేది) రాసేటప్పుడు ఈ రెండింటినీ కలపకు. ఆ పేపర్‌కి క్వశ్చన్ బ్యాంకు కంటే నీ విమానం మాన్యువల్లే నమ్మకం: 180 హార్స్‌పవర్, 56 గ్యాలన్లలో వాడుకోగలిగేది 53, అలాంటి సంఖ్యలు మోడల్‌ని బట్టి మారతాయి. పాత 172 డేటా చదివి కొత్త మోడల్ పేపర్ రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

మెట్, రెగ్యులేషన్స్ నువ్వు దాటేశావు కాబట్టి, ఇది చదివే మిగతావాళ్ల కోసం క్లుప్తంగా. మెట్‌ని చాప్టర్లుగా కాకుండా మన క్యాలెండర్‌గా చదివితే సులువు. సంక్రాంతి రోజుల్లో ఉత్తరాది మైదానాల్లో పొగమంచు, పైన 200 హెక్టోపాస్కల్స్ ఒత్తిడి ఉండే ఎత్తు దగ్గర పడమటి జెట్ (చాలా వేగంగా వీచే పైగాలి). ఏప్రిల్, మేలలో బెంగాల్‌లో కాలబైశాఖి ఉరుముల గాలివానలు. జూన్ 1 ప్రాంతంలో కేరళలో నైరుతి రుతుపవనాలు, అవి బలంగా ఉన్నప్పుడు దక్షిణ భారతం మీద బాగా ఎత్తులో తూర్పు జెట్. అక్టోబరు నుంచి నెల్లూరు, చెన్నై వైపు ఈశాన్యం. తుపాన్లు వర్షాకాలానికి ముందూ వెనకే ఎక్కువ. నడి వర్షాకాలంలో కింది గాలి పడమర నుంచి, పైగాలి తూర్పు నుంచి వీచి, పుట్టబోయే తుపానుని కోసేస్తాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు, విశాఖ విమానాశ్రయాన్ని దెబ్బతీసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు. మనవాళ్లకి ఈ సీజన్ నేర్పాల్సిన పనే లేదు.

రెగ్యులేషన్స్‌లో మాత్రం పాత పీడీఎఫ్ నిజంగా ప్రమాదం, ఎందుకంటే నిన్న కరెక్టైన జవాబు ఇవాళ తప్పు కావచ్చు. 1934 ఎయిర్‌క్రాఫ్ట్ యాక్ట్ స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 వచ్చి, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటలని పాత కీల్లో ఉంటుంది, సవరించిన నిబంధనల్లో అది 48. రేడియో టెలిఫోనీ పరీక్ష కూడా ఇదివరకు టెలికం శాఖ పెట్టేది, కొత్త చట్టంతో ఆ అధికారం డీజీసీఏకి వచ్చింది. రూల్ ఏదైనా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉన్న తాజా ప్రతి చూసుకునే చదవాలి.

ఇంకోటి. ఇది మనవాళ్లకే ఎక్కువగా ఎదురయ్యే తలనొప్పి. కంప్యూటర్ నంబర్‌కి (పరీక్షలు రాయడానికి డీజీసీఏ ఇచ్చే నంబర్) అప్లై చేసేటప్పుడు టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, ఇంటర్ మెమోలో ఒట్టి ఇనీషియల్. బోర్డు వెరిఫికేషన్‌కి వెళ్లినప్పుడు ఇవి కలవక నెలలు పోతాయి. కోచింగ్‌కి డబ్బు కట్టకముందే పేర్లన్నీ ఒక్క తీరుగా చేయించుకోండి. బైపీసీ చదివి గణితం లేనివాళ్లు సాధారణంగా ఓపెన్ స్కూల్ ద్వారా దాన్ని రాసి వస్తారు. అన్నిటికంటే ముందు మెడికల్. క్లాస్ 1 మెడికల్ (కమర్షియల్ పైలట్‌కి కావాల్సిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వస్తుందో రాదో తెలియకుండా లక్షలు ఖర్చు పెట్టొద్దు.

మళ్లీ నీ పేపర్‌కి వస్తాను. పరీక్ష స్క్రీన్ మీద కాబట్టి ప్రాక్టీస్ కూడా స్క్రీన్ మీదే చెయ్యాలి. పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదవడం అలవాటైనవాడు, తల పైకెత్తి స్క్రీన్ చూసి, కిందకి దించి కాగితం మీద లెక్క చేసి, మళ్లీ పైకి చూసేసరికి ప్రశ్న మర్చిపోతాడు. రఫ్ షీట్ మీద ప్రతి లెక్కకీ ప్రశ్న నంబర్ వేసి, అడ్డంగా గీత గీసుకో. రెండో రౌండ్‌లో వెనక్కి వచ్చినప్పుడు మొదట్నుంచీ చెయ్యక్కర్లేదు.

మొదటి రౌండ్‌లో చూడగానే చెప్పగలిగినవి, ఒక్క మెట్టు లెక్కలు మాత్రమే చెయ్యి. పొడుగు లెక్క కనిపిస్తే రివ్యూకి గుర్తు పెట్టి ముందుకి పో. పొడుగు ప్రశ్నకీ పొట్టి ప్రశ్నకీ మార్కు ఒకటే అయినప్పుడు, మూడో ప్రశ్న దగ్గర ఎనిమిది నిమిషాలు కూర్చోవడం దండగ. నీకు చివర్లో టైమ్ చాలలేదంటే కారణం చివర్లో లేదు, మొదటి అరగంటలో ఉంది. సీపీఎల్ పేపర్లలో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. బొమ్మ గీసి రెండు ఆప్షన్లు కొట్టేశాక గుడ్డిగా నొక్కినా సగం అవకాశం. చివర్లో జవాబులు మార్చాలనిపిస్తుంది. ప్రశ్న తప్పు చదివానని కచ్చితంగా కనిపిస్తేనే మార్చు, ఒట్టి అనుమానంతో మార్చకు.

మాక్ టెస్టుల తర్వాత మార్కు చూసి పక్కన పడెయ్యకు. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కనా ఎందుకు పోయిందో ఒక మాట రాయి: తెలియలేదు, తప్పు చదివాను, లెక్క తప్పింది, టైమ్ లేదు. నాలుగైదు టెస్టులకి నీ జబ్బు ఏదో బయటపడుతుంది. 'తెలియలేదు' ఎక్కువుంటే పుస్తకానికి వెళ్లు. మిగతావైతే పుస్తకం మళ్లీ చదవడం వృథా, చేతి అలవాటు మార్చుకోవాలి. ఆ పీడీఎఫ్‌ని ఇక్కడ వాడు, చివరి మూడు వారాల్లో, ఆప్షన్ల మీద అట్ట పెట్టి. జవాబు రాశాకే అట్ట తియ్యి. నీ జవాబు కీతో కలవకపోతే వెంటనే లొంగిపోకు, కథలో పెట్టి సరిచూడు. కీ తప్పని నీకై నువ్వు తేల్చగలిగిన రోజు నువ్వు పరీక్షకి సిద్ధమైనట్టే లెక్క. నావిగేషన్‌నీ టెక్నికల్ జనరల్‌నీ ఒకే సెషన్‌లో పెట్టుకోమని నేను చెప్పను. నావిగేషన్ ఒక్కటే రాసెయ్యి, తోడు కావాలంటే టెక్నికల్ స్పెసిఫిక్ లాంటి చిన్నది పెట్టుకో.

ఇదంతా ఒక్క లైసెన్స్ కోసం కాదు. ఎయిర్‌లైన్ వాళ్లు తీసుకునేటప్పుడు రాతపరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ మళ్లీ ఇవే అడుగుతారు, అక్కడ ఆప్షన్లు లేకుండా ఎదురుగా కూర్చోబెట్టి 'ఎందుకు?' అంటారు. తర్వాత కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ల పై లైసెన్స్): 21 ఏళ్లు, 1,500 గంటలు, మళ్లీ నావిగేషన్, మెట్, వాటికి తోడు రేడియో ఎయిడ్స్, ఇన్‌స్ట్రుమెంట్స్. 36,000 అడుగుల్లో డీఎంఈకి (విమానానికి దూరం చెప్పే నేల మీది రేడియో కేంద్రం) సరిగ్గా పైనున్నప్పుడు అది సున్నా కాకుండా 6 మైళ్లు ఎందుకు చూపిస్తుందో ఇప్పుడే బొమ్మగా తెలిస్తే, అప్పుడు రోస్టర్ మధ్యలో, నిద్ర చాలని రోజుల్లో కొత్తగా నేర్చుకోవాల్సిన పని ఉండదు.

అమెరికా విషయం. వెళ్లొద్దనను, కానీ ఈ రెండు పేపర్లు ఉంచుకుని వెళ్లొద్దు. అక్కడి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రాతపరీక్ష తీరు వేరు, మూడే ఆప్షన్లు, అడిగే పద్ధతీ వేరు. దానికి చదువుతూ, రోజూ ఎగురుతూ, వాతావరణం బాగాలేక స్లాట్లు పోతుంటే ఆ దిగులుతో ఇక్కడి నావిగేషన్ ఎవరూ చదవలేరు. తిరిగొచ్చాక లైసెన్స్ కన్వర్షన్ (అక్కడి లైసెన్స్‌ని ఇక్కడిదిగా మార్చుకోవడం) కోసం కూర్చున్నప్పటికి అంతా మర్చిపోయి ఉంటావు, ఫ్లయింగ్ కరెన్సీ (ఈమధ్యే ఎగిరినట్టు చూపాల్సిన అనుభవం) కూడా కరిగిపోతుంటుంది. అడ్వాన్స్ కట్టమని స్కూల్ వాళ్లు తొందరపెడతారు, డిస్కౌంట్ ఈ నెలాఖరు వరకే అంటారు. ఆ డిస్కౌంట్ వచ్చే నెలా ఉంటుంది. నావిగేషన్ రిజల్ట్ పోర్టల్‌లో కనిపించాక, టెక్నికల్ జనరల్ డేట్ దొరికాక, అప్పుడు డబ్బు కట్టు. ఈలోపు ఏదైనా లెక్క కుదరకపోతే నువ్వు గీసిన బొమ్మతో సహా ఇక్కడే పెట్టు. ఒట్టి ప్రశ్న పెడితే మాత్రం బొమ్మ ఏదని అడుగుతాను.